ముందే అన్న మాట

ఫిబ్రవరి 3

అన్నయ్యకు,

నీ పిచ్చుక రాస్తున్నది. మేమిద్దరం కులాసా. నువ్వు వేళకు తింటున్నావా అని అడగను. అడిగినా నిజం చెప్పవు.

అసలు సంగతి ముందు రాసేస్తాను. నీ పందెం బండికి వెనక ఇరుసు మీ బావే చేస్తున్నారు. నువ్వు సరిగ్గానే చదివావు. పోయిన ఏడాది పందెం అయిపోయాక నలుగురి ముందు నువ్వు ఆయన చేసిన ఇరుసును ఎద్దుబండి ఇరుసు అన్నావు చూడు, అప్పటి నుంచి ఈ ఇంట్లో నీ ఊసు లేదు. నువ్వు తోలే బండి సొంతదారు పెయింట్ల షావుకారు మనిషిని పంపి, తన బండికి మళ్ళీ ఆయనే ఇరుసు కట్టాలని అడిగించినప్పుడు కూడా ఆయన "చూద్దాం" అన్నారంతే. మర్నాడు పొద్దున షెడ్డులోకి టీ తీసుకెళ్తే బల్ల మీద ఇరుసు పెట్టె విప్పి ఉంది. ఆయన పళ్ళ చక్రాన్ని కిరసనాయిల్లో కడుగుతున్నారు. నేను గ్లాసు అక్కడ పెట్టి వచ్చేశాను. ఏమన్నా అడిగితే మానేస్తారని భయం.

షావుకారు మనిషి ఇంకో మాట కూడా చెప్పాడు. తలుపు చాటు నుంచి విన్నాను. ఈ ఏడాది ఆఖరి పందెం నువ్వు గెలిస్తే, వచ్చే ఏడాదంతా బండినీ నిన్నూ మా షెడ్డులోనే ఉంచుతాడట. రెండు బండ్లు పక్కపక్కన నిలబడి, ఆకుపచ్చ దీపం వెలగగానే పావు మైలు నేరుగా పరుగెత్తడం, అంతే కదా మీ పందెం. దాని మీద నాకు ఎప్పుడూ ఇష్టం లేదు. ఇప్పుడు మాత్రం నువ్వు గెలవాలని ఉంది.

పక్క గదిలో పాడైన బ్యాటరీలు, అరిగిన టైర్లు ఉన్నాయి. నువ్వు వస్తే ఉండడానికని రోజుకు కొన్ని బయటికి చేరవేస్తున్నాను. పెళ్ళయ్యాక నాతో కడుపునిండా మాట్లాడే మనిషి ఈ వీధిలో ఒక్కరూ దొరకలేదు. తప్పు నాదే, నోరు పెగలదు. ఎదురింట్లో కుట్టుపని చేసే ఆవిడ నన్ను మూగదాన్ననుకుని చాలా రోజులు చేతులతో సైగలు చేసింది. కాదని చెప్పడానికి సిగ్గేసి నేనూ సైగలే చేశాను.

ఆయనకు చదువు రాదు కాబట్టి జవాబు నేనే చదివి వినిపించాలి. చూసి రాయి.

నీ చెల్లెలు

ఫిబ్రవరి 10

మూగ పిచ్చుకకు మీ వాగుడుకాయ అన్న రాయునది,

ఆ కుట్టుపని ఆవిడ సంగతి చదివి అద్దెగదిలో ఒక్కణ్ణే పడీపడీ నవ్వాను. పక్క గదివాడు గోడ మీద కొట్టాడు. వాడికి నా గొంతంటే పడదు. నేను గట్టిగా మాట్లాడతానట. ఆ విషయానికి మళ్ళీ వస్తాను.

బావ ఇరుసు కడుతున్నాడంటే, ఇక షావుకారు బండికి ఎదురులేదు. ఆ ఎద్దుబండి మాట నేను అనాల్సింది కాదు. ఓడిపోయి ఉన్నాను, నోరు జారింది. ఈ మాట ఆయనకు చదువు. నేను ఎదురుగా నిలబడి చెప్పలేను, మా ఇద్దరికీ బిగుసుకుపోవడమే వచ్చు.

ఇక్కడి నుంచి మాత్రం నువ్వొక్కదానివే చదువుకో.

నాకు ఎడమ చెవి సరిగ్గా వినిపించడం లేదు. పోయిన ఏడాది నుంచే. కుడి చెవి బాగానే ఉంది, కానీ నెత్తిన హెల్మెట్టు, పక్కన ఇంకో బండి రొద, ఆ గోలలో నా ఇంజన్ గొంతు నాకు తెలియడం లేదు. ఇంజన్ వేగం చెప్పే మీటరు చూద్దామంటే దాని ముల్లు జ్వరం వచ్చినట్టు వణుకుతుంది. అందుకని గుర్తులు పెట్టుకున్నాను. పందెం దారి పక్కన సున్నం కొట్టిన రాయి ఉంది, అది రాగానే రెండో గేరు. ఇంకాస్త దూరంలో పాత టైర్ల కుప్ప, అక్కడ మూడోది. ఆ మూడోదానితోనే గీత దాటేస్తాను. ఎవరికీ అనుమానం రాలేదు.

బావకు ఎట్టి పరిస్థితిలోనూ చెప్పకు. ఇంజన్ గొంతు విని గేరు మార్చడం నాకు నేర్పిందే ఆయన. కళ్ళు మూయించి ఇంజన్ పక్కన నిలబెట్టి, ఎప్పుడు మార్చాలో నన్నే చెప్పమనేవాడు. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు నేను. ఆయన దగ్గర నాకున్న మర్యాదంతా ఆ చెవులదే. అదీ కాక, చెవిటివాడికి బండి ఎవరిస్తారు?

గదిలో బ్యాటరీలు మొయ్యకు. యాసిడ్ కారుతుంది. బావ చేత మోయించు.

నీ అన్న

ఫిబ్రవరి 19

అన్నయ్యకు,

ఇరుసు ఇవాళ పార్సిల్ లారీ ఎక్కింది. చెక్కపెట్టెలో పెట్టి, కదలకుండా చుట్టూ గోనెసంచులు కుక్కారు. ఆయన పెట్టె మూత మీద రెండుసార్లు చేత్తో తట్టి లోపలికి వచ్చేశారు. లారీ వెళ్ళేదాకా నిలబడలేదు.

నీ ఉత్తరం చదివి వినిపించాను, నువ్వు వద్దన్న చోట ఆపేశాను. ఎద్దుబండి మాట దగ్గర ఆయన అటు తిరిగి, "అంతేనా రాసింది?" అన్నారు. అంతేనన్నాను. అన్నం తినేటప్పుడు, "వాడికి ఆకలి వేస్తే కోపం ఎక్కువ, చిన్నప్పటి నుంచీ అంతేనా?" అని అడిగారు. నీ గురించి ఆయన నోటంట మాట వచ్చి ఏడాది అవుతోంది.

ఇప్పుడు ఆయన చెప్తుంటే రాస్తున్నాను. జాగ్రత్తగా చదువుకో.

లోపల కొత్త పళ్ళ చక్రాల జోడీ వేశారు. బిగించాక చక్రాలు కాసేపు తిప్పి, నట్లు మళ్ళీ ఒకసారి బిగించాలి. నూనె బిరడా అంచు దాకా పొయ్యాలి, తక్కువైతే పళ్ళు కాలిపోతాయి. బండి ముందే లేస్తుంది. గేరు తొందరగా మార్చాలి. ఇది మర్చిపోవద్దన్నారు.

ఇంకా ఏమన్నా రాయాలా అని అడిగాను. "చాల్లే, మిగతాది ఇంజనే చెప్తుంది వాడికి" అన్నారు. నాకు నీ చెవి గుర్తొచ్చింది. చెప్పేద్దామా అనిపించింది. నువ్వు వద్దన్నావు కదా అని ఊరుకున్నాను. డాక్టరుకు చూపించుకో. పందెం అయ్యాకైనా.

గది సగం ఖాళీ అయింది. బ్యాటరీలు ఆయన చేతే మోయించాను.

నీ చెల్లెలు

ఫిబ్రవరి 26

పిచ్చుకా,

పెట్టె చేరింది. బిగించాం. షావుకారు దగ్గరున్న ముసలి మెకానిక్ దాని చుట్టూ తిరిగి తిరిగి చూసి, అతుకు ఎక్కడుందో కనిపించడం లేదన్నాడు. విప్పి లోపల చూద్దామన్నాడు గానీ నేనే వద్దన్నాను. మా బావ బిగించినదాన్ని ఇంకొకడు విప్పడమేమిటి? నాకు బండి తోలడం వచ్చు, విప్పడం రాదు. ఎవరి పని వాళ్ళది.

పెరట్లో మొదటి గేరు వేసి వదిలాను. అమ్మో. వెనక సీటు మీద ఎవరో మరిచిపోయిన పనిముట్ల పెట్టె ఎగిరి కిందపడింది. బండి ముందే లేస్తుందంటే ఇదన్నమాట. అంతకు మించి పరుగెత్తించడానికి పెరట్లో చోటు లేదు. నిన్న పందెం దారి మీద ఒకసారి వదిలి చూద్దామనుకున్నాం. వాన పడి దారి చిత్తడైంది. ఇక నేరుగా పందెంలోనే.

గేరు సంగతి బావకు చెప్పు. తెగ సాధన చేస్తున్నాను. ఇంజన్ ఆపేసి సీట్లో కూర్చుని, క్లచ్ తొక్కుతూ రాడ్డు లాగుతూ, రోజూ అరచెయ్యి ఎర్రబడేదాకా. షావుకారు గుమాస్తా చూసి, "ఏమయ్యా, వెన్న చిలుకుతున్నావా?" అంటున్నాడు. ఇప్పుడు నా చెయ్యి రాడ్డు మీద ఎప్పుడు కదిలిందో పక్కన కూర్చున్నవాడికి కూడా తెలియదు. రాయి రావడం, రెండు పడడం. కుప్ప రావడం, మూడు పడడం. రెప్పపాటు కూడా వృథా పోదు.

ఇది మాత్రం ఆయనకు చదవకు. చెయ్యి చురుగ్గా ఆడించమని బావ నాకు చెప్పడం భలే తమాషాగా ఉంది. ఇచ్చిన టీ చల్లారిపోయి, మళ్ళీ వేడి చేయించి, అదీ చల్లారేదాకా గ్లాసు ఎత్తని మనిషి కదా ఆయన.

పందెం వచ్చే ఆదివారం. గదికి కిటికీ ఉందా?

నీ అన్న

మార్చి 2

అన్నయ్యకు,

ఈ ఉత్తరం ఆదివారం లోపల అందుతుందో లేదో. ఆయన ఊరికే ఉండలేక షెడ్డులో చెత్త ఊడుస్తున్నారు, నేను ఊరికే ఉండలేక రాస్తున్నాను.

నీ ఉత్తరం రాగానే ఆయన చేతులు కూడా తుడుచుకోకుండా వచ్చి కూర్చున్నారు. ముసలి మెకానిక్ మాట, పనిముట్ల పెట్టె ఎగిరిపడడం, రెండూ చదివాను. నవ్వారు. ఆ తర్వాత నువ్వు ఆయన టీ గ్లాసు మీద వేళాకోళం ఆడావు కదా, అది ఆ గేరు మాటలతో కలిసిపోయి ఉంది. చదువుతూ చదువుతూ ఎక్కడ నోరు జారుతానో అని ఆ భాగమంతా వదిలేశాను. గుర్తుల మాట కూడా అందులోనే ఉంది, అదీ చదవకూడదు కదా.

"గేరు సంగతి ఏమన్నా రాశాడా?" అని ఆయనే అడిగారు. రాశాడు, తెగ సాధన చేస్తున్నాడట అన్నాను. "అయితే అర్థమైందన్నమాట" అని లేచారు. సాయంత్రం ఎక్కడి నుంచో ఒక మంచం మోసుకొచ్చి పక్క గదిలో వేశారు. కోడు ఒకటి కుంటిది. కింద చెక్కముక్క పెట్టి, తనే కూర్చుని ఊగి చూశారు.

గదికి కిటికీ ఉంది. తెరిస్తే షెడ్డు కనిపిస్తుంది.

దీపం వెలిగినప్పుడు నన్ను తలుచుకోకు, దారి చూసుకో.

నీ చెల్లెలు

మార్చి 9

చెల్లీ,

ఓడిపోయాను అని రాసినా తక్కువే. ఇంజన్ పగిలిపోయింది. నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. మోచెయ్యి కొట్టుకుపోయింది, అంతే.

దీపం వెలగగానే నా బండి అవతలి బండిని నిలబెట్టి వచ్చేసినట్టు లేచింది. జనం అరుస్తున్నారని వాళ్ళ నోళ్ళు చూసి తెలిసింది. రాయి దగ్గర రెండో గేరు వేశాను. ఆ చెయ్యి ఎంత వేగంగా ఆడిందో బావ చూసి ఉంటే బాగుండేదని అప్పుడు కూడా అనుకున్నాను చూడు, అంత పిచ్చివాణ్ణి. బండి అప్పటికే వణుకుతోంది. కొత్త ఇరుసు కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. టైర్ల కుప్ప ఇంకా దూరంగా ఉండగానే ముందు నుంచి పిడుగు పడ్డట్టు వినిపించింది. నాకే వినిపించిందంటే ఎంత చప్పుడో ఊహించుకో. ఇంజన్ లోపలి కడ్డీ ఒకటి గోడ చీల్చుకుని బయటికి వచ్చింది. నూనె వెనక చక్రాల కింద పడి, బండి అడ్డం తిరిగి ఇసుక బస్తాలకు కొట్టుకుని ఆగింది.

ముసలి మెకానిక్ పగిలిన ముక్కలు చూసి, ఇది ఇంజన్ తప్పు కాదు, శక్తికి మించి తిప్పడం వల్ల జరిగిందన్నాడు. ఎప్పుడూ మార్చే చోటే మార్చాను, అంతకు ముందు ఒక్కసారి కూడా ఇలా కాలేదు. మారింది ఒక్కటే. ఇరుసు.

మీ ఆయన ఏం బిగించి పంపాడు? ఎద్దుబండి మాటకు ఏడాది ఆగి బదులు తీర్చుకున్నాడా? ఇలా రాయడం నాకూ ఇష్టం లేదు. కానీ షావుకారు అడుగుతుంటే నా దగ్గర ఇంకో జవాబు లేకపోయింది. నా చెవి గురించి చెప్పలేను కదా.

షావుకారు బండిని తన అక్క కొడుక్కి ఇచ్చేస్తున్నాడు. గది సంగతి ఇక మర్చిపో.

అన్న

మార్చి 16

అన్నయ్యా,

దీన్ని మొదటి నుంచి చివరిదాకా చదువు. మధ్యలో కోపం వచ్చినా ఆపకు.

నీ ఉత్తరం ఆయనకు మొత్తం చదవలేదు. ఇంజన్ పగిలిందని, నీకు పెద్ద దెబ్బలేమీ లేవని చెప్పాను. మిగతాది నా నోట రాలేదు. ఆయన, "ముందే మార్చమన్నానుగా. వినలేదు. నా మాటంటే వాడికి ఎప్పుడూ లెక్క లేదు" అన్నారు.

ముందే అన్నారా అని అడిగాను.

"అదేగా రాయమన్నది. బండి ముందే లేస్తుంది, గేరు ముందే మార్చాలి అని. నువ్వేం రాశావు?"

నేను తొందరగా అని రాశాను, అన్నయ్యా. పక్క వాక్యంలో బండి ముందే లేస్తుందని అప్పుడే రాసి ఉన్నాను. మళ్ళీ అదే మాట రాస్తే బాగుండదనిపించింది. ఒక మాట వెంటవెంటనే రెండుసార్లు కనిపిస్తే మా అయిదో తరగతి పంతులమ్మ ఎర్ర సిరాతో చుట్టేది. నేను చదివింది అక్కడిదాకానే కాబట్టి అదొక్కటి బాగా గుర్తుండిపోయింది. నీకు పంపే ఉత్తరం శుభ్రంగా ఉండాలని ఆ మాట తీసేసి ఈ మాట పెట్టాను.

ఆయన "రెండూ ఒకటే కదా" అన్నారు. అని, తనే ఆగిపోయారు. "వాడు సాధన చేస్తున్నాడన్నావు. ఏం చేశాడు?" అన్నారు. నీ పాత ఉత్తరం తెచ్చి, రాడ్డు లాగడం, అరచెయ్యి ఎర్రబడడం, అన్నీ చదివాను. టీ గ్లాసు మాటతో సహా. ముందుగా కాకుండా, ఎప్పటిలాగే అదే చోట, కానీ చెయ్యి మాత్రం చురుగ్గా ఆడించాలని నువ్వు అర్థం చేసుకున్నట్టు ఆయనకు అప్పుడు తెలిసింది.

నన్ను షెడ్డులోకి పిలిచారు. పెళ్ళయ్యాక నేను ఆ బల్ల దగ్గర నిలబడడం అదే మొదలు. నీ బండిలోంచి తీసిన పాత జోడీ బల్లకు బిగించారు. పెద్ద చక్రం ఒకటి, దాన్ని తిప్పే చిన్న చక్రం ఒకటి. పెద్దదాని మీద సుద్దముక్కతో గీత గీసి, చిన్నదాన్ని తిప్పమన్నారు. తిప్పాను, కాస్త బరువుగా ఉంది. గీత ఒక చుట్టు తిరిగి వచ్చింది. తర్వాత నీకు పంపినలాంటి జోడీయే ఇంకొకటి బిగించారు. అందులో చిన్న చక్రానికి రెండు పళ్ళు తక్కువ. తిప్పడం తేలికైపోయింది, కానీ గీత తిరిగి నా ముందుకు రావడానికి దాదాపు ఇంకో చుట్టు తిప్పాల్సి వచ్చింది.

"చెయ్యి నీది అనుకోకు, ఇంజన్‌ది అనుకో" అన్నారు.

అప్పుడు నాకు అర్థమైంది. పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని నడిచే చిన్నపిల్లలాంటిది ఇప్పుడు ఆ ఇంజన్. అంతే దూరానికి ఎక్కువ అడుగులు వెయ్యాలి. బండి మొదట్లో బలంగా లేస్తుంది, కానీ ఇంజన్ తన ఊపిరి హద్దుకు సున్నపు రాయి కంటే ఎంతో ముందే వచ్చేస్తుంది. అక్కడే గేరు మార్చాలి. టైర్ల కుప్ప కంటే ముందే ఇంకొకటి. గీత దాటాలంటే నాలుగోది కూడా కావాలట. ఇంజన్ ఏ గొంతుకు వచ్చినప్పుడు మార్చాలో అది మారదు, ఆ గొంతు వచ్చే చోటే వెనక్కి, దీపం వైపుకు జరుగుతుంది అన్నారు. నీ గుర్తులు పాత ఇరుసువి, అన్నయ్యా. ఈ ఇరుసుకు అవి పనికిరావు.

"అయినా వాడికి వినిపించి ఉండాలే. అంత గోల పెడుతుంటే ఎలా పట్టుకుని కూర్చున్నాడు?" అన్నారు.

ఇక దాచలేకపోయాను. నీ చెవి సంగతి చెప్పేశాను. నీకు ఇచ్చిన మాట తప్పాను. ఆయన పక్కనున్న టైరు మీద కూర్చుండిపోయారు. ఏ చెవి అని అడిగారు. ఎడమది అన్నాను. "సైలెన్సర్ విప్పిన ఇంజన్ వైపు వాడి ఎడమ చెవే ఉండేలా నిలబెట్టేవాణ్ణి. అలా అయితే గొంతు బాగా తెలుస్తుందని" అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

ఆయన బదులు తీర్చుకున్నారని నువ్వు రాసినదొక్కటి మాత్రం చెప్పలేదు. ఇప్పుడు నీకే నిజం తెలుస్తుంది కదా, ఇక ఆ మాటతో పనేముందని ఊరుకున్నాను.

రేపు ఆయన బస్సెక్కి నీ దగ్గరికి వస్తున్నారు. ఈ ఉత్తరం ముందు చేరుతుందో, ఆయన ముందు చేరతారో తెలియదు. ఆయన మాట్లాడకపోతే నువ్వే మొదలుపెట్టు.

పిచ్చుక

మార్చి 29

నా పిచ్చుకకు,

నీ ఉత్తరం నాకు నిన్ననే చేరింది. అద్దెగది ఖాళీ చేసి రాళ్ళ లారీ మీద చేరాను. ఇంటివాళ్ళు ఇంకో లారీ డ్రైవరు చేతికిచ్చి పంపారు. ఇప్పుడు క్వారీ పక్కన రేకుల గదిలో ఉంటున్నాను. అయిదుగురం. కిటికీ లేదు.

బావ వచ్చి తాళం చూసి వెళ్ళి ఉంటాడు. అది తలుచుకుంటేనే తిండి సయించడం లేదు. ఆయన బస్సు ప్రయాణాలు చేసే మనిషి కాదు, కడుపులో తిప్పుతుంది.

నీ మాట తప్పు కాదు. నాకు అర్థం కాకపోతే ఒక ముక్క రాసి అడగొచ్చు. ఎంత తొందరగా, ఎక్కడ, అని. అడిగితే నాకు తెలియదని బావకు తెలుస్తుందని అడగలేదు. ముసలాయన విప్పి చూస్తానంటే అడ్డం పడ్డాను. పళ్ళు ఎన్నున్నాయో ఒక్కసారి చూసి ఉంటే ఆయనే చెప్పేవాడు. ఇంత జరిగాక నిన్నేమనను?

డాక్టరుకు చూపించాను. ఎడమది ఇక రాదన్నాడు. కుడిదాన్ని కాపాడుకోమన్నాడు. పందాలు మానెయ్యమన్నాడు, మానడానికి నా దగ్గర ఇప్పుడు బండి ఎలాగూ లేదు.

ఒక్కటే నన్ను తినేస్తోంది. బావ కావాలని చేశాడని నేను షావుకారుతో అన్నాను. దుకాణంలో, పదిమంది వింటుండగా. అది బావ చెవిన పడకూడదు. నువ్వు చెప్పలేదు, అదే మంచి పని. నేను ఆయన్ని ఎప్పుడూ అలా అనుకోలేదని, ఏదో ఒక రకంగా చెప్పు. నీకు మాటలు మెత్తగా పెట్టడం వచ్చు. ఆయన రమ్మంటే ఈ లారీ ఎక్కడున్నా దిగి వచ్చేస్తాను. రమ్మనకపోతే రాను.

నీ అన్న

ఏప్రిల్ 5

అన్నయ్యకు,

ఆయన ఆ రోజు తాళం చూసి ఊరికే తిరిగి రాలేదు. నువ్వెక్కడికి వెళ్ళావో కనుక్కుందామని షావుకారు దుకాణానికి వెళ్ళారు. రంగు డబ్బాల మధ్య నిలబెట్టి, అందరి ముందు షావుకారు అడిగాడట, నీ బావమరిది చెప్పాడు, కావాలనే చేశావట కదా అని. ఆయన ఏం జవాబు చెప్పారో నాతో అనలేదు. ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూ, "నీకు తెలుసా?" అన్నారు. తెలుసన్నాను. "ఉత్తరంలో రాశాడా?" రాశాడన్నాను. కాళ్ళు కడుక్కుని పడుకున్నారు.

మెత్తగా పెట్టడం వచ్చు అన్నావు. ఆ మెత్తదనంతోనే ఇదంతా తెచ్చాను. ఆయన నొచ్చుకుంటారని నీ మాటలు వదిలేశాను, నువ్వు నొచ్చుకుంటావని ఆయన మాటలు వదిలేశాను. మీ ఇద్దరి మధ్యా నేను వదిలేసినవన్నీ కలిపితే మీకు కావాల్సింది అందులోనే ఉంది.

అందుకని నీ ఉత్తరాలన్నీ తీసి మొదటి దాని నుంచి వరసగా ఆయనకు చదివాను. ఎద్దుబండి, టీ గ్లాసు, మార్చి తొమ్మిదో తేదీది, మొన్న వచ్చినది. "ఏదో ఒక రకంగా చెప్పు" అని నువ్వు రాసినది కూడా చదివాను. సిగ్గుతో రెండుసార్లు చదవడం ఆపేశాను. ఆయన మంచినీళ్ళు ఇచ్చి, "చదువు" అన్నారు. బదులు తీర్చుకున్నాడా అన్న చోట మళ్ళీ చదవమన్నారు. చదివాను. "పళ్ళు ఎన్నో తెలియక అన్నాడు అనుకుందాం. నేనెవరో తెలియక అన్నాడా?" అన్నారు. దీనికి జవాబు నువ్వే రాయాలి.

నీ చెవి గురించి రెండు రోజులకొకసారి అడుగుతున్నారు. కుడిదానికి దూది పెట్టుకుంటున్నాడా, లారీ సైలెన్సర్ బాగుందా అని. మంచం ఇంకా గదిలోనే ఉంది. తీసెయ్యమనలేదు, దుప్పటి వెయ్యమనీ అనలేదు.

నిన్న సాయంత్రం షెడ్డులోకి వెళ్ళి, అన్నయ్యకు జవాబు రాస్తున్నాను, రమ్మని రాయనా అని అడిగాను. ఆయన ఎవరిదో జీపు కింద పడుకుని ఉన్నారు. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. కాసేపు పానా చప్పుడు ఆగింది. "రమ్మను" అన్నారు. మళ్ళీ చప్పుడు మొదలైంది. బయటికి వచ్చి ఇంకేమన్నా అంటారేమోనని చీకటి పడేదాకా నిలబడ్డాను. పానా చప్పుడు ఆగలేదు.

ఆ మాటలో ప్రేమ ఎంత ఉందో, విసుగు ఎంత ఉందో నాకు తెలియదు, మొహం కనిపించలేదు. ఆయన అన్నది రమ్మను అని. అదే రాశాను.

నీ చెల్లెలు